ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శిక్ష బరువును తేల్చేది ఒప్పంద పత్రమే

అమెరికన్ ఫుట్‌బాల్‌కు పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫిబ్రవరిలో ఫైనల్ అయిన సూపర్ బౌల్ ముగిశాక మళ్లీ సెప్టెంబరు దాకా లెక్కలోకి వచ్చే ఆట ఒక్కటీ ఉండదు. అయినా ఆ నెలల్లో వార్తలకు కరువుండదు. ఏ ఆటగాడు ఏ క్లబ్బుకు మారుతున్నాడు, ఎన్ని కోట్ల డాలర్లకు సంతకం పెట్టాడు, ఎవరిమీద లీగ్ సస్పెన్షన్ వేటు వేసింది అన్న మూడు రకాల కబుర్లూ ఈ విరామంలోనే ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వీటిని వేర్వేరు వార్తలుగా చదవడం అందరికీ అలవాటైపోయింది కానీ, ఇవి మూడూ ఒకే ఖాతాలోని పద్దులు. లీగ్ వేసే శిక్ష ఒక ఆటగాడి జేబును ఎంతవరకు తాకుతుందన్నది తీర్పు వెలువడక ముందే, అతని ఒప్పందం రాసుకున్న రోజునే చాలావరకు తేలిపోతుంది. 2022 మార్చిలో బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, డెషాన్ వాట్సన్ హ్యూస్టన్ టెక్సన్స్ నుంచి క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు మారిన వ్యవహారం ఈ సంగతిని కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. ఆ బేరం ప్రభావం మూడేళ్ల తర్వాత కూడా లీగ్‌లోని ఇతర క్వార్టర్‌బ్యాక్‌ల జీతాల మీద కనిపిస్తూనే ఉంది.

ముందుగా ఈ ఖాతా నడిచే పద్ధతి తెలియాలి. లీగ్‌లో 32 క్లబ్బులున్నాయి. ఒక్కో క్లబ్బు ఆటగాళ్ల జీతాల మీద ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టరాదన్న పరిమితిని శాలరీ క్యాప్ అంటారు. 1993లో యాజమాన్యాలకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందంతో ఇది పుట్టింది. అమల్లోకి వచ్చిన 1994లో 3.46 కోట్ల డాలర్లుగా ఉన్న క్యాప్ 2022 నాటికి 20.82 కోట్లకు, 2025 నాటికి 27.92 కోట్లకు చేరింది. లీగ్ సంవత్సరం మార్చి నడిమిలో మొదలవుతుంది. గడువు తీరిన ఆటగాళ్లు అప్పటి నుంచి నచ్చిన క్లబ్బుతో సంతకం చేయవచ్చు, క్లబ్బులు మాట్లాడుకున్న ట్రేడ్‌లు, అంటే ఆటగాళ్ల మార్పిడి బేరాలు, అధికారికమయ్యేదీ అప్పుడే. ఏప్రిల్ చివర్లో కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఉంటుంది, జూలై చివర్లో శిక్షణ శిబిరాలు తెరుస్తారు.

ఐపీఎల్ వేలం చూసే మనవాళ్లకు పరిమితి అన్నది కొత్త సంగతేమీ కాదు. 2025 సీజన్‌కు ఒక్కో ఫ్రాంచైజీ పర్సు 120 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్ హైదరాబాద్ హైన్రిక్ క్లాసెన్‌ను 23 కోట్లకు అట్టిపెట్టుకుంటే ఆ 23 కోట్లూ నేరుగా పర్సులోంచే తగ్గాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లెక్క అంత సూటిగా ఉండదు. అక్కడ ఆటగాడికిచ్చే సొమ్మును మూల వేతనం, సైనింగ్ బోనస్ అని విడగొడతారు. మూల వేతనం ఏ ఏడాది ఇస్తే ఆ ఏడాది క్యాప్‌లోనే పడుతుంది. బోనస్ మాత్రం నగదుగా ముందే ఆటగాడికి అందినా, క్యాప్ పుస్తకంలో దాన్ని ఒప్పంద కాలం మీద, గరిష్ఠంగా ఐదేళ్ల మీద, సమానంగా పంచి రాస్తారు. అందువల్ల ఆటగాడి చేతికి వచ్చిన డబ్బు ఒకటి, క్లబ్బు పుస్తకంలో కనిపించే ఖర్చు ఇంకొకటి, పేపర్లలో పతాక శీర్షికకెక్కే మొత్తం మరొకటి అవుతాయి.

ఆ పతాక శీర్షికలోని మొత్తానికీ గ్యారంటీ మొత్తానికీ మధ్య దూరమే ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల పాత బాధ. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ లీగ్‌లలో ఒప్పందం మీద సంతకం పెడితే ఆ సొమ్ము దాదాపుగా వచ్చి తీరుతుంది. ఫుట్‌బాల్‌లో మాత్రం చివరి సంవత్సరాల జీతానికి సాధారణంగా హామీ ఉండదు. మోకాలు తిరగబడిన ఆటగాణ్ని, ఫామ్ తగ్గిన ఆటగాణ్ని క్లబ్బు వదిలించుకుంటే మిగిలిన జీతం ఇవ్వనక్కర్లేదు. దేహాన్ని ఇంతగా నలగ్గొట్టే ఆటలోనే హామీ ఇంత తక్కువగా ఉండటం అన్యాయమన్న వాదనలో బలముంది. 2018లో కర్క్ కజిన్స్ మిన్నెసోటా వైకింగ్స్‌తో మూడేళ్లకు 8.4 కోట్ల డాలర్లు, మొత్తం గ్యారంటీగా, రాయించుకున్నప్పుడు ఇక దారి తెరుచుకుందని చాలామంది అనుకున్నారు. తెరుచుకోలేదు. నాలుగేళ్ల తర్వాత అంతకంటే చాలా పెద్ద పూర్తి గ్యారంటీ ఒప్పందం వచ్చింది కానీ, అది వచ్చిన సందర్భమే ఆ వాదనకు పెద్ద దెబ్బ అయింది.

క్లెమ్సన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన వాట్సన్‌ను 2017 డ్రాఫ్ట్‌లో 12వ ఎంపికగా టెక్సన్స్ తీసుకుంది. 2020 సెప్టెంబరులో ఆ క్లబ్బే అతనితో నాలుగేళ్ల పొడిగింపు రాసుకుంది. ఆ సీజన్‌లో అతను 4,823 గజాల పాసింగ్‌తో లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు కానీ, జట్టు మాత్రం 16 ఆటల్లో నాలుగే గెలిచింది. యాజమాన్యంతో పొసగక 2021 జనవరిలో తనను వేరే క్లబ్బుకు పంపమని అడిగాడు. రెండు నెలలు తిరగకుండానే, మసాజ్ థెరపీ కోసం కుదుర్చుకున్న సమావేశాల్లో తమతో లైంగికంగా అనుచితంగా ప్రవర్తించాడంటూ మహిళలు ఒకరి తర్వాత ఒకరు సివిల్ దావాలు వేయడం మొదలుపెట్టారు. ఆ దావాలు రెండు డజన్లకు చేరాయి. ఆరోపణలను వాట్సన్ మొదటి నుంచీ తోసిపుచ్చుతూనే వచ్చాడు. 2021 సీజన్ మొత్తం అతను మైదానంలోకి దిగలేదు. లీగ్ అతణ్ని సస్పెండ్ చేయలేదు, క్లబ్బు ఆడించలేదు, కోటి డాలర్లు దాటిన ఏడాది జీతం మాత్రం పూర్తిగా అందింది.

2022 మార్చి 11న టెక్సస్‌లోని హారిస్ కౌంటీ గ్రాండ్ జ్యూరీ క్రిమినల్ అభియోగం మోపడానికి నిరాకరించింది. గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపలేదంటే విచారణకు తగినంత ఆధారం తమ ముందు లేదని అనుకున్నారనే అర్థం వస్తుంది. జరిగింది ఏమీ లేదని తీర్పిచ్చినట్టు కాదు, సివిల్ దావాలూ అప్పటికి అలాగే నడుస్తున్నాయి. క్లబ్బులకు మాత్రం ఆ ఒక్క కబురే చాలింది. న్యూ ఆర్లియన్స్ సెయింట్స్, కరోలినా పాంథర్స్, అట్లాంటా ఫాల్కన్స్, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ హ్యూస్టన్‌కు వరుస కట్టాయి. వాట్సన్ అంగీకారం లేకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు అతని పాత ఒప్పందంలో ఉండటంతో, అమ్మే క్లబ్బు కంటే అమ్ముడయ్యే ఆటగాడి మాటే పైచేయి అయింది. బేరంలో తమ పేరు లేదని బ్రౌన్స్‌కు ఒక దశలో కబురు అందింది కూడా. ఆ తర్వాతే ఆ క్లబ్బు ఐదేళ్లకు 23 కోట్ల డాలర్లు, పైసాతో సహా గ్యారంటీ, అని ముందుకొచ్చింది. మార్చి 18న బేరం కుదిరింది. 2022, 2023, 2024 సంవత్సరాల మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలు మూడూ, వాటికి తోడు మరికొన్ని ఎంపికలూ టెక్సన్స్‌కు వెళ్లాయి.

ఒక క్లబ్బు తన మూడేళ్ల భవిష్యత్తును తాకట్టు పెట్టడం దాని ఇష్టం. అయితే ఆ ఒప్పందంలోని వాక్యాలను దగ్గరగా చూడాలి. 23 కోట్లను ఐదేళ్లకు సమంగా పంచితే ఏడాదికి 4.6 కోట్లు వస్తుంది. 2023 నుంచి 2026 వరకు నాలుగేళ్లకూ మూల వేతనంగా సరిగ్గా ఆ అంకెనే రాశారు. మొదటి ఏడాది, అంటే సస్పెన్షన్ పడే అవకాశం మెండుగా ఉన్న 2022కు మాత్రం మూల వేతనం 10,35,000 డాలర్లే. మిగతా 4,49,65,000 డాలర్లనూ సైనింగ్ బోనస్‌గా మార్చారు. సస్పెన్షన్ కాలంలో ఆటగాడు కోల్పోయేది ఆ వారాల మూల వేతనం. సీజన్ జీతాన్ని 18 వారాలకు పంచి చెల్లిస్తారు కాబట్టి వాట్సన్ కోల్పోయే సొమ్ము వారానికి 57,500 డాలర్లు. అదే 4.6 కోట్లు మూల వేతనంగా ఉండి ఉంటే వారానికి 25 లక్షల డాలర్లు దాటేది. మొదటి ఏడాది మూల వేతనాన్ని తక్కువగా ఉంచి బోనస్‌ను పెంచడం తమ క్లబ్బు ఇతర ఆటగాళ్ల విషయంలోనూ పాటించే పద్ధతేనని బ్రౌన్స్ నిర్వాహకులు చెప్పారు. ఆ మాట అబద్ధం కాదు, క్యాప్ పుస్తకం చక్కబెట్టుకునే క్లబ్బులు చాలావరకు ఇలాగే రాస్తాయి. అయినా రెండు డజన్ల దావాలు ఎదుర్కొంటున్న మనిషికి అదే సూత్రం వర్తింపజేస్తే ఏం జరుగుతుందో ఆ గదిలో కూర్చున్న ఏ లాయరుకైనా తెలియకుండా ఉండదు. దీనికి తోడు, సస్పెన్షన్ పడితే గ్యారంటీ రద్దవుతుందని సాధారణంగా రాసుకునే షరతు, క్లబ్బుకు ముందే తెలియజేసిన వ్యవహారాల విషయంలో వర్తించకుండా సడలింపు కూడా ఇచ్చారు. వచ్చే శిక్షను కళ్లముందు పెట్టుకునే ఒప్పందం రాశారని అనుకోవడానికి ఈ ఒక్క సడలింపే చాలు.

ఇక శిక్ష వేసే యంత్రాంగం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చాలాకాలం వరకు క్రమశిక్షణ విషయంలో కమిషనర్ రోజర్ గుడెల్ మాటే మొదటిదీ చివరిదీ. ఆయనే శిక్ష వేసేవారు, అప్పీలు వినేదీ ఆయనే లేదా ఆయన నియమించిన మనిషే. 2014లో తన కాబోయే భార్యను కొట్టిన ఆటగాడు రే రైస్‌కు మొదట రెండే ఆటల సస్పెన్షన్ వేసి, దెబ్బ కొట్టిన దృశ్యం వీడియోగా బయటికొచ్చాక నిరవధిక సస్పెన్షన్‌గా మార్చడం, ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష వేశారంటూ మాజీ జడ్జి బార్బరా జోన్స్ ఆ రెండో శిక్షను కొట్టేయడం లీగ్ పరువు తీశాయి. బంతుల్లో గాలి తగ్గించారన్న ఆరోపణపై క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి వేసిన నాలుగు ఆటల సస్పెన్షన్ 2015లో కోర్టులో రద్దయి, 2016లో అప్పీలు కోర్టులో మళ్లీ నిలబడింది. కమిషనర్‌కు అంత అధికారాన్ని ఆటగాళ్ల సంఘమే ఒప్పందంలో రాసిచ్చింది కాబట్టి కోర్టులు దాన్ని తప్పుపట్టలేవన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ అనుభవాల తర్వాత 2020 మార్చిలో కుదిరిన కొత్త సమష్టి ఒప్పందంలో ఒక మార్పు వచ్చింది. 1,019 మంది అనుకూలంగా, 959 మంది వ్యతిరేకంగా ఓటేయగా, ఒడ్డున పడ్డదా లేదా అన్నంత తక్కువ తేడాతో నెగ్గిన ఒప్పందమది. వ్యక్తిగత ప్రవర్తన నియమాల కింద వచ్చే కేసుల్లో లీగ్, సంఘం కలిసి నియమించిన క్రమశిక్షణాధికారి మొదట విచారణ జరిపి తీర్పిస్తారు. నియమం ఉల్లంఘన జరగలేదని ఆ అధికారి తేలిస్తే కేసు అక్కడితో ముగుస్తుంది. జరిగిందని తేలిస్తే మాత్రం శిక్ష పరిమాణంపై అప్పీలుకు అవకాశం ఉంటుంది. ఆ అప్పీలు వినేది కమిషనర్ లేదా ఆయన ప్రతినిధి. తలుపు ముందు కొత్త కాపలాదారు వచ్చినా లోపలి తాళం చెవి పాత చేతుల్లోనే మిగిలిందన్నమాట. ఈ కొత్త పద్ధతిలో మొట్టమొదటి తీర్పు వాట్సన్‌దే. విన్నవారు డెలావేర్ ఫెడరల్ కోర్టు మాజీ జడ్జి స్యూ రాబిన్సన్.

ఆ తీర్పు రాకముందే సివిల్ వ్యవహారం చాలావరకు ముగిసింది. 2022 జూన్‌లో 24 దావాలకు గాను 20 రాజీతో పరిష్కారమయ్యాయి. టెక్సన్స్ క్లబ్బు కూడా జూలైలో 30 మంది మహిళలతో రాజీ కుదుర్చుకుంది. రాజీ షరతులు గోప్యం. ఆగస్టు 1న రాబిన్సన్ తీర్పు వచ్చింది. లీగ్ ఆమె ముందు నలుగురు థెరపిస్టుల అనుభవాలను పెట్టింది. లీగ్ నియమాల్లో నిర్వచించిన లైంగిక దాడికి వాట్సన్ పాల్పడ్డాడని, ఇతరుల భద్రతకు ముప్పు కలిగించాడని, లీగ్ ప్రతిష్ఠను దెబ్బతీశాడని మూడు అంశాల్లోనూ ఆమె లీగ్ వాదనతో ఏకీభవించారు. లీగ్ ఇంతవరకు పరిశీలించిన వాటన్నిటికంటే ఇతని ప్రవర్తన తీవ్రమైనదని కూడా రాశారు. ఇంత రాసి వేసిన శిక్ష ఆరు ఆటలు.

ఈ తేడాను చూసి చాలామందికి కోపం వచ్చింది, రావడంలో తప్పు లేదు. అయితే రాబిన్సన్ తర్కాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. హింస లేని లైంగిక ప్రవర్తన కేసుల్లో అప్పటివరకు లీగ్ వేసిన పెద్ద శిక్ష మూడు ఆటలు. ఆటగాళ్లకు ముందుగా చెప్పకుండా ఒక్కసారిగా కొలబద్దను మార్చడం న్యాయం కాదని ఆమె అన్నారు. శిక్ష చిన్నదిగా తేలడానికి ఆ ఏడాది వాట్సన్ కేసులో జరిగినదానికంటే, అంతకు ముందు అనేకమంది మహిళల ఫిర్యాదులను లీగ్ తేలిగ్గా తీసుకుంటూ వచ్చిన చరిత్ర పెద్ద కారణం. పాత కేసుల్లో వేసిన చిన్న శిక్షలే కొత్త కేసులో పూర్వ నిదర్శనాలయ్యాయి. ఆ నలుగురు మహిళలు నోరు విప్పి చెప్పిన మాటలను న్యాయాధికారి నమ్మారు. అయినా వాళ్లకు ముందు మాట్లాడినవారికి దక్కని న్యాయం వీళ్లకు దక్కాల్సిన న్యాయాన్ని కూడా కుదించేసింది. ఈ వ్యవహారం మొత్తంలో మనసును ఎక్కువగా కలచివేసేది ఇదే.

లీగ్ రెండు రోజుల్లో అప్పీలు చేసింది. కనీసం ఒక సీజన్ పాటు సస్పెన్షన్ కావాలన్నది దాని వాదన. అప్పీలు వినడానికి గుడెల్ న్యూజెర్సీ మాజీ అటార్నీ జనరల్ పీటర్ హార్వీని నియమించారు. ఆయన తీర్పు చెప్పే అవసరం రాలేదు. ఆగస్టు 18న లీగ్, సంఘం రాజీకి వచ్చాయి. 11 ఆటల సస్పెన్షన్, 50 లక్షల డాలర్ల జరిమానా, నిపుణుల చేత పరీక్ష, చికిత్స. ఆ జరిమానాకు లీగ్ పది లక్షలు, బ్రౌన్స్ పది లక్షలు కలిపి లైంగిక దుష్ప్రవర్తన నివారణ కోసం పనిచేసే సంస్థలకు ఇస్తామన్నాయి. తాను నిర్దోషినన్న మాట మీదే నిలబడతానని వాట్సన్ ఆ రోజు కూడా చెప్పాడు.

ఇప్పుడు లెక్క వేసి చూడాలి. 11 వారాలకు కోల్పోయిన మూల వేతనం 6,32,500 డాలర్లు. జరిమానాతో కలిపితే 56,32,500. మొత్తం ఒప్పందంలో ఇది రెండున్నర శాతం కూడా కాదు. మొదటి ఏడాది 4.6 కోట్లనూ మూల వేతనంగా రాసి ఉంటే అదే 11 ఆటలకు 2.81 కోట్ల డాలర్లు పోయేది. సస్పెన్షన్ సీజన్ మొత్తానికి పడి ఉంటే ఒప్పందం ఒక ఏడాది ముందుకు జరిగి, భారీ జీతాలన్నీ అంతమేరకు ఆలస్యమయ్యేవి. 11 దగ్గర ఆగడంతో అదీ తప్పింది. రాజీలో 50 లక్షల జరిమానా అనే విడి అంశం ఎందుకు చేరిందో ఈ లెక్క చూస్తే బోధపడుతుంది. మూల వేతనం ద్వారా తగలని దెబ్బను మరో దారిలో కొంతైనా తగిలించడానికి లీగ్ ప్రయత్నించిందని అనుకోవడం సబబు.

అదే ఏడాది మరో శిక్షను దీని పక్కన పెట్టకుండా ఉండలేం. వాట్సన్ ట్రేడ్‌కు పదకొండు రోజుల ముందు, మార్చి 7న, అట్లాంటా ఫాల్కన్స్‌లో విసిరిన బంతిని అందుకునే వైడ్ రిసీవర్ కాల్విన్ రిడ్లీని ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటల మీద పందెం కాసినందుకు లీగ్ కనీసం ఒక సీజన్ పాటు సస్పెండ్ చేసింది. మానసిక ఆరోగ్యం కోసం జట్టుకు దూరంగా ఉన్న రోజుల్లో, 2021 నవంబరులో, ఫోన్ యాప్ ద్వారా అతను పందేలు కాశాడు. మొత్తం పెట్టింది 1,500 డాలర్లని అతనే చెప్పుకున్నాడు. కోల్పోయింది 1.11 కోట్ల డాలర్లకు పైబడిన ఏడాది జీతం. అతని జీతం దాదాపు పూర్తిగా మూల వేతనంగానే రాసి ఉండటంతో సస్పెన్షన్ వేటు నేరుగా దానిమీదే పడింది. ఏడాది ఆగి, జాక్సన్‌విల్ జాగ్వార్స్‌కు ట్రేడ్ అయ్యాక, 2023లో అదే జీతానికి ఆడాడు. జూదం ఆట మీద నమ్మకాన్నే దెబ్బతీస్తుందని, అందుకే దాన్ని కఠినంగా చూడాలన్న లీగ్ మాటలో నిజముంది. కానీ జూదం కేసులు క్రమశిక్షణాధికారి దగ్గరకు వెళ్లవు, కమిషనరే తేలుస్తారు. జూదానికి ఒక తలుపు, మహిళల మీద దాడికి ఇంకో తలుపు ఉన్నప్పుడు, రెండు శిక్షలనూ ఒకే త్రాసులో తూచే మనిషి ఎవరూ ఉండరు.

యజమానులకు మూడో తలుపు ఉంది. రాబిన్సన్ తీర్పు వచ్చిన మర్నాడే, ఆగస్టు 2న, మయామీ డాల్ఫిన్స్ యజమాని స్టీఫెన్ రాస్‌కు శిక్ష ప్రకటించారు. ఇతర క్లబ్బులతో ఒప్పందంలో ఉన్న టామ్ బ్రేడీతోనూ, కోచ్ షాన్ పేటన్‌తోనూ నియమాలకు విరుద్ధంగా మంతనాలు జరిపినందుకు అక్టోబరు 17 దాకా సస్పెన్షన్, 15 లక్షల డాలర్ల జరిమానా, క్లబ్బుకు 2023 మొదటి రౌండ్, 2024 మూడో రౌండ్ ఎంపికల కోత. యజమానులను మరింత ఉన్నత ప్రమాణంతో చూడాలని లీగ్ నియమాలే చెబుతున్నాయని, ఇతర యజమానుల విషయంలో అలా జరగలేదని వాట్సన్ తరఫున సంఘం వాదించింది. ఆ వాదన వాట్సన్ తప్పును తగ్గించదు కానీ, నియమాల పుస్తకం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నను మాత్రం సరిగ్గానే లేవనెత్తింది.

బ్రౌన్స్ బేరం అసలు ప్రకంపనలు మిగతా క్లబ్బుల యజమానుల గదుల్లో పుట్టాయి. ఆ మార్చిలోనే జరిగిన యజమానుల సమావేశంలో, ఇంత పెద్ద పూర్తి గ్యారంటీ ఒప్పందం మొదటగా దక్కాల్సిన మనిషి వాట్సన్ అయి ఉండాల్సింది కాదన్న భావాన్ని బాల్టిమోర్ రేవెన్స్ యజమాని స్టీవ్ బిషాటీ బహిరంగంగానే వెలిబుచ్చారు. ఆయన క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్‌కు అప్పటికి కొత్త ఒప్పందం ఇంకా కుదరలేదు. ఏజెంటు లేకుండా తానే బేరమాడే జాక్సన్ మచ్చ లేని ఆటగాడు, 2019 సీజన్‌కు లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నవాడు. వాట్సన్‌కు ఇచ్చినది తనకెందుకు ఇవ్వరని అడిగే హక్కు అతనికి పూర్తిగా ఉంది. అదే వేసవిలో మరో క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రే ఐదేళ్లకు 23 కోట్ల 5 లక్షల డాలర్లకు సంతకం చేశాడు. మొత్తం అంకె వాట్సన్‌ను కాస్త దాటింది, గ్యారంటీ మాత్రం 16 కోట్ల దగ్గర ఆగింది. ఇంకో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ ఒప్పందం మొత్తం 24.5 కోట్లు, గ్యారంటీ అందులో మూడింట రెండొంతుల చిల్లర. 2023 మార్చిలో రేవెన్స్ జాక్సన్ మీద నాన్ ఎక్స్‌క్లూజివ్ ఫ్రాంచైజ్ ట్యాగ్ పెట్టింది. రెండు మొదటి రౌండ్ ఎంపికలు వదులుకోవడానికి సిద్ధపడితే ఏ క్లబ్బైనా అతనికి ఆఫరు ఇవ్వవచ్చని ఆ ట్యాగ్ అర్థం. ఏడాది ముందు వాట్సన్ కోసం వరుస కట్టిన లీగ్‌లో జాక్సన్‌కు ఒక్క క్లబ్బూ ఆఫరు ఇవ్వలేదు. చివరికి ఏప్రిల్ 27న రేవెన్స్‌తోనే ఐదేళ్లకు 26 కోట్లు, 18.5 కోట్ల గ్యారంటీతో, ఒప్పందానికి వచ్చాడు.

ఇది కేవలం సంత తీరా, లేక యజమానులు కూడబలుక్కున్నారా అన్న ప్రశ్నపై ఆటగాళ్ల సంఘం 2022లోనే ఫిర్యాదు చేసింది. 2025 జనవరిలో మధ్యవర్తి క్రిస్టోఫర్ డ్రోనీ తీర్పిచ్చారు. 2022 మార్చి సమావేశంలో గ్యారంటీలను తగ్గించమని లీగ్ మేనేజ్‌మెంట్ కౌన్సిల్, కమిషనర్ ఆశీస్సులతో, క్లబ్బులను ప్రోత్సహించిందని ఆయన తేల్చారు. అయితే క్లబ్బులు ఆ మాట విని కూడబలుక్కుని నడుచుకున్నాయనడానికి సాక్ష్యం చాలలేదని ఫిర్యాదును కొట్టేశారు. 61 పుటల ఆ తీర్పు జూన్ దాకా బయటికే రాలేదు. తమకు బలమైన ఆయుధం కాగల మాటలున్న పత్రం అన్ని నెలలపాటు సొంత సభ్యులకు కూడా కనబడకుండా ఉండటానికి సంఘం ఎలా ఒప్పుకుందన్నది ఎంత ఆలోచించినా మింగుడుపడదు. అది వెలుగులోకి వచ్చాకే సంఘం అప్పీలుకు వెళ్లింది. సంఘం కార్యనిర్వాహక డైరెక్టర్ లాయిడ్ హోవెల్ జూలైలో రాజీనామా చేశారు, దానికి ఇతర వివాదాలూ తోడయ్యాయి.

క్లీవ్‌లాండ్ సంగతికి వస్తే, లాభనష్టాల పట్టిక చదవడానికే కష్టంగా ఉంటుంది. 2022 డిసెంబరు 4న హ్యూస్టన్‌లోనే, పాత క్లబ్బు మీదే, వాట్సన్ మళ్లీ మైదానంలోకి దిగాడు. ఆ ఏడాది ఆరు ఆటలు. 2023లో భుజం గాయంతో ఆరే. 2024లో ఏడో ఆటలో మడమ వెనక స్నాయువు తెగింది, 2025 జనవరిలో అదే మళ్లీ తెగింది. మూడు సీజన్లలో 19 ఆటలు, తొమ్మిది గెలుపులు. జీతం గ్యారంటీ కాబట్టి క్లబ్బు వదిలించుకోలేదు, ఏటా క్యాప్‌లో చోటు కోసం మూల వేతనాన్ని బోనస్‌గా మార్చుకుంటూ భారాన్ని ముందుకు నెట్టింది. 2023కు 5.5 కోట్లు ఉండాల్సిన క్యాప్ భారాన్ని 1.9 కోట్లకు దించితే మిగతా ఏళ్లలో ఒక్కో ఏడాది భారం 6.4 కోట్లకు చేరింది. 2024లో మళ్లీ అదే పని చేస్తే ఆ తర్వాతి రెండేళ్లలో ఒక్కో ఏడాదికి 7.29 కోట్లైంది. 2025 మార్చిలోనూ ఇదే తంతు. టెక్సన్స్ మాత్రం క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన 2023 ఎంపికను వాడుకుని డ్రాఫ్ట్‌లో మూడో స్థానానికి ఎగబాకి విల్ ఆండర్సన్‌ను తీసుకుంది. అతను ఆ ఏటి కొత్త ఆటగాళ్లలో ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడు అయ్యాడు. 2024 జనవరిలో ప్లేఆఫ్ ఆటలో అదే టెక్సన్స్ 45–14తో బ్రౌన్స్‌ను ఇంటికి పంపింది. బ్రౌన్స్ వద్దనుకుని కరోలినాకు పంపేసిన పాత క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ టాంపా బేలో నిలదొక్కుకున్నాడు.

బాల్టిమోర్ రేవెన్స్ కిక్కర్ జస్టిన్ టక్కర్ మీద 2025 మొదట్లో పదహారు మంది మసాజ్ థెరపిస్టులు ఇలాంటి ఆరోపణలే చేశారు. అతనూ ఖండించాడు. క్లబ్బు మేలో అతణ్ని వదిలేసింది, అది ఆటకు సంబంధించిన నిర్ణయమని చెప్పింది. జూన్‌లో లీగ్ పది ఆటల సస్పెన్షన్ ప్రకటించింది. వాట్సన్‌కు 11 ఆటలు పడ్డాక, ఆరు ఆటలన్న పాత కొలతకు లీగ్ తిరిగి వెళ్లలేదన్నది ఇందులో గమనించాల్సిన మంచి సంగతి. కానీ సస్పెన్షన్ పడ్డ నాటికి టక్కర్‌కు ఏ క్లబ్బుతోనూ ఒప్పందం లేదు. కోల్పోవడానికి వారం జీతమే లేని మనిషికి పది వారాల జీతం కోత వల్ల పోయేది ఏమీ లేదు, కొత్త క్లబ్బు దొరకడం కష్టమవుతుంది, అంతే.

దీనికి మందు లేకపోలేదు. సస్పెన్షన్ కోతను మూల వేతనం మీద కాకుండా, ఆ ఏడాదికి బోనస్‌తో కలిపి ఆటగాడు అందుకునే మొత్తం ప్రతిఫలం మీద లెక్కగడితే క్లబ్బులు ఒప్పందాన్ని ఎలా మడతపెట్టినా శిక్ష బరువు మారదు. జూదం, దుష్ప్రవర్తన, యజమానుల తప్పులు అన్నిటినీ ఒకే స్వతంత్ర అధికారి దగ్గరకు పంపి, అప్పీలును కమిషనర్ చేతుల్లోంచి తీస్తే పోలికలకైనా ఒక ఆధారం ఉంటుంది. మొదటిదానికి ఆటగాళ్ల సంఘం సులభంగా ఒప్పుకోదు, రెండోదానికి యజమానులు ఒప్పుకోరు. రెండింటినీ ఒకే బేరంలో పెట్టి, బదులుగా గ్యారంటీల మీద యజమానులను కదిలించగలిగితే తప్ప ఈ ముడి విడదు. అంత బేరం జరగాల్సింది సమష్టి ఒప్పందం బల్ల దగ్గరే. ఇప్పుడున్న ఒప్పందం 2030 సీజన్ దాకా అమల్లో ఉంటుంది.